హెచ్‌బీబీ జన్యువు – సికిల్ సెల్ ఎనీమియా

మనిషి 11వ క్రోమోజోముపై ఉండే హెచ్‌బీబీ జన్యువు బీటా గ్లోబిన్ ప్రోటీన్ తయారీకి ఆధారం. 146 అమైనో ఆమ్లాల ఈ గొలుసులు రెండు, ఆల్ఫా గొలుసులు రెండు కలిస్తే హిమోగ్లోబిన్-ఎ. ఆక్సిజన్‌ను కణజాలాలకు చేరవేసేది ఇదే. బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే హిమోగ్లోబిన్-ఎస్ ఏర్పడుతుంది. ఒక్క అమైనో ఆమ్లం తేడా, అంతే! ఆక్సిజన్ తగ్గగానే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. భరించలేని నొప్పులు, రక్తహీనత తప్పవు.

తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ మార్పు సంక్రమిస్తే సికిల్ సెల్ ఎనీమియా వ్యాధి; ఒక్కరి నుంచే అయితే వాహకులు. వాహకులకు తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా పీడిత పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట తదితర ప్రాంతాల గిరిజనుల్లో ఈ మార్పు కనిపించడం అందుకే గమనార్హం. 2047 నాటికి ఈ వ్యాధి నిర్మూలనే లక్ష్యంగా జాతీయ మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది.