నీడ ఎక్కడ కావాలి?

మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. హైదరాబాదులో ఒక బస్తీ. అన్నీ రేకుల ఇళ్ళు. లోపల ఉడుకు. బయట ఎండ. చంటిపిల్లలు నిద్రపోరు. ముసలివాళ్ళకు ఊపిరాడదు.

నగరంలో పార్కులు లేవా? ఉన్నాయి. ఇందిరా పార్కు ఉంది. సంజీవయ్య పార్కు ఉంది. కె.బి.ఆర్. పార్కును జాతీయ పార్కుగా ప్రకటించారు. కాని పనికి పోయి వచ్చి వంట చేసుకునే తల్లి రోజూ బస్సెక్కి అంత దూరం పోగలదా? నడిచిపోయేంత దగ్గరలో చిన్న పార్కు ఉంటే ఆమెకు పనికొస్తుంది.

బస్తీ పక్కన ఒక ఖాళీ జాగా ఉందనుకుందాం. ఇప్పుడు అక్కడ చెత్త పోస్తున్నారు. దాన్ని పార్కు చేస్తారట. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

“పార్కు వస్తే మనకేం లాభం వదినా? పొద్దుగూకితే తాగుబోతులు చేరతారు. ఆడపిల్లలు అటు పోగలరా?”

“అందుకే చెట్లు ఎక్కడ పెట్టాలో, దారి ఎట్లా వెయ్యాలో మనమే ముందు చెప్పాలి.”

ఆ వదిన మాట నిజం. చెట్లు నాటితే సరిపోదు. ఎక్కడ ఏది నాటాలో కూడా చూసుకోవాలి.

చెట్టు ఏం చేస్తుంది?

చెట్టు నీడనిస్తుంది. వేళ్ళతో నీరు తాగి, ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది. అందువల్ల చుట్టూ గాలి చల్లబడుతుంది. రోడ్డు మీది దుమ్ము ఆకులకు అంటుకుంటుంది. అంత దుమ్ము ఇళ్ళలోకి రాదు. చెట్టు కింద మట్టి నేల వాన నీటిని పీల్చుకుంటుంది. అందుకే పార్కు అంతా సిమెంటు వెయ్యకూడదు.

ఏది ఎక్కడ నాటాలి?

సాయంత్రం ఎండ పడమటి నుంచి వస్తుంది. కనుక పడమటి వైపు వేప, కానుగ నాటాలి. రావి, మర్రి వేళ్ళు గోడలను పగలగొడతాయి. వాటిని ఇళ్ళకు దూరంగా పెట్టాలి. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు వద్దు. మందారం, నందివర్ధనం చాలు. పిల్లలు ఆడే చోట గన్నేరు వద్దు. దాని పాలు, ఆకులు, కాయలు అన్నీ విషమే.

భయం లేకుండా ఎలా?

దారి పక్కన పొదలు మోకాలెత్తు దాటకూడదు. చెట్ల కింది కొమ్మలు కొట్టెయ్యాలి. అప్పుడు లోపల ఎవరున్నారో రోడ్డు మీదికి కనపడుతుంది. రెండు వైపులా గేట్లుండాలి. ఒక వైపు భయమైతే ఇంకో వైపు నుంచి బయటపడవచ్చు. దారి పొడుగునా దీపాలు వెలగాలి. పిల్లలు ఆడే చోటికి ఎదురుగా, నీడలో, బల్లలు వెయ్యాలి. తల్లి కూర్చునే బిడ్డను చూసుకుంటుంది. గేటు దగ్గర మెట్లకు బదులు వాలు ఉంటే ముసలివాళ్ళు కూడా రాగలరు.

ఎవరిని అడగాలి?

1992లో రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. పట్టణాల పాలక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితా అందులో ఉంది. పార్కులు, తోటలు, ఆట స్థలాలు ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాదు కార్పొరేషన్ చట్టాన్ని 2020లో సవరించారు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని అందులో రాశారు. కనుక పార్కు అడగడం బిచ్చమడగడం కాదు. అది మన హక్కు.

నలుగురూ కలిసి కూర్చోండి. ఖాళీ జాగా బొమ్మ గీయండి. చెట్లు, దారి, దీపాలు, బల్లలు ఎక్కడ కావాలో గుర్తు పెట్టండి. అర్జీ రాసి బొమ్మ జతచెయ్యండి. కింద అందరూ సంతకాలు పెట్టండి. ఇప్పుడు ఎవరికీ వేలిముద్ర అక్కర్లేదు కదా!

చర్చించండి

1. మీ వాడలో ఖాళీ జాగా ఉందా? ఇప్పుడు అక్కడ ఏముంది?
2. ఆడవాళ్ళు ఏ వేళకు, ఏ చోటికి పోవడానికి భయపడుతున్నారు? ఎందుకు?
3. నాటిన మొక్కకు ఎండాకాలంలో నీళ్ళు ఎవరు పోస్తారు? వంతులు వేసుకోండి.