ఎల్లలు దాటిన తరగతి గది

ప్రవేశిక

ఉపాధ్యాయుడు బోధించేవాడు మాత్రమే కాదు, జీవితాంతం నేర్చుకునేవాడు కూడా. దూరదేశాల ఉపాధ్యాయులతో కలిసి నేర్చుకునే అవకాశం ఇంటర్నెట్ వల్ల ఎలా కలిగింది? మన రాష్ట్రానికి చెందిన ఒక గ్రామీణ ఉపాధ్యాయుడు ఆ అవకాశాన్ని ఎలా వినియోగించుకున్నారు? ఈ విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

నాందేడ్ నగరం గోదావరి నది ఒడ్డున ఉంది. సిక్కుల పదవ గురువు గురు గోవింద సింహుడు 1708లో ఇక్కడే పరమపదించారు. అందువల్ల దేశదేశాల నుండి యాత్రికులు ఈ నగరానికి వస్తుంటారు. 1956 వరకు నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండేది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలు తెలంగాణకు సరిహద్దులో ఉన్నాయి. ఈ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ మాటలు ఒకే సంతలో వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు అంగడిలో మరాఠీలో బేరమాడతాడు. ఇక్కడి పిల్లలకు రెండు మూడు భాషలు పుస్తకం తెరవకముందే పరిచయమవుతాయి.

ఇటువంటి చోట పాఠం చెప్పే ఉపాధ్యాయునికి కొన్ని ప్రత్యేకమైన ప్రశ్నలు ఎదురవుతాయి. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పిల్లవాడికి పాఠం ఎలా చెప్పాలి? నాలుగు రోజులు వచ్చి పదిరోజులు మానేసే పిల్లను బడిలో ఎలా నిలపాలి? ఇవి నాందేడ్ ప్రశ్నలు మాత్రమే కావు. వియత్నాంలోని కొండ గ్రామంలోనూ, మలేసియా అడవుల అంచున ఉన్న పాఠశాలలోనూ ఇవే ప్రశ్నలు ఉన్నాయి. ఒకచోట దొరికిన జవాబు మరొకచోట పనికి రావచ్చు. కాని వేల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకోవడం ఎలా?

పూర్వం ఉపాధ్యాయ శిక్షణ అంటే తాలూకా కేంద్రానికో, జిల్లా కేంద్రానికో వెళ్లి నాలుగు రోజులు కూర్చుని రావడమే. విదేశాలలో జరిగే సదస్సులకు వెళ్లగలిగినవారు అతి తక్కువమంది. కంప్యూటర్లు ఈ పరిస్థితిని మార్చాయి. 1988లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు పాఠశాలలనూ, నాటి సోవియట్ రాజధాని మాస్కోలోని పాఠశాలలనూ కంప్యూటర్ల ద్వారా కలిపే ప్రయత్నం ఒకటి ప్రారంభమైంది. ఆ కాలంలో ఆ రెండు దేశాల మధ్య వైరం ఉండేది. అయినా పిల్లలూ, ఉపాధ్యాయులూ ఉత్తరాలు రాసుకున్నారు. కలిసి పాఠాలు నేర్చుకున్నారు. ఆ ప్రయత్నమే తరువాత 'ఐఎర్న్' అనే అంతర్జాతీయ సంస్థగా విస్తరించింది.

1989లో టిమ్ బర్నర్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు జెనీవా దగ్గర ఉన్న 'సెర్న్' పరిశోధన సంస్థలో వరల్డ్ వైడ్ వెబ్‌ను రూపొందించే పనికి పూనుకున్నాడు. వేరువేరు దేశాల శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ఫలితాలను సులభంగా పంచుకోవాలన్నదే ఆయన ఉద్దేశం. 1993లో ఆ సంస్థ దానిని అందరూ ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. మన దేశంలో ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. అంటే, పంచుకోవడం అనే ఆలోచన నుండే వెబ్ పుట్టిందన్నమాట.

ఇంటర్నెట్ ద్వారా జరిగే అంతర్జాతీయ కార్యశాలలో ఏం జరుగుతుంది? నాందేడ్‌లోని ఒక ఉపాధ్యాయిని అటువంటి కార్యశాలలో పాల్గొంటున్నారని అనుకుందాం. మొదటి చిక్కు కాలంతోనే వస్తుంది. నాందేడ్‌లో సాయంత్రం ఆరున్నర అయినప్పుడు వియత్నాంలో రాత్రి ఎనిమిది, దక్షిణ కొరియాలో రాత్రి పది, దక్షిణాఫ్రికాలో మధ్యాహ్నం మూడు, బ్రెజిల్ రాజధానిలో ఉదయం పది గంటలు అవుతుంది. అందరికీ అనుకూలమైన సమయం దొరకడం కష్టం. అందువల్ల వారానికి ఒకసారి మాత్రమే తెరమీద కలుసుకుంటారు. మిగిలిన పనిని ఎవరి వీలునుబట్టి వారు చేస్తారు.

ఆ పని ఎలా సాగుతుందో చూడండి. 'మా ఊరి నది' అనే పాఠం తయారు చేయాలని బృందం నిర్ణయించిందనుకుందాం. అందరూ చూడగలిగే, అందరూ రాయగలిగే ఒక పత్రాన్ని ఇంటర్నెట్‌లో తెరుస్తారు. నాందేడ్ ఉపాధ్యాయిని 1,465 కిలోమీటర్ల పొడవున్న గోదావరిని గురించి రాస్తారు. ఈజిప్టు ఉపాధ్యాయుడు నైలు నదిని గురించి రాస్తాడు. ఆమె రాసింది చదివి అతడు, “మీ నదిలో ఎండాకాలం నీరు ఎందుకు తగ్గుతుంది?” అని ప్రశ్నిస్తాడు. మనకు తెలిసిన విషయమే కదా అని ఆమె రాయకుండా వదిలిన సంగతి అది! అతని ప్రశ్న వల్ల ఆమె వర్షాధారమైన నదుల గురించి మరో పేరా చేరుస్తారు. పాఠం మెరుగవుతుంది. ఎవరు ఏ మార్పు చేశారో ఆ పత్రంలో నమోదవుతుంది. కాబట్టి ఇతరులు రాసిన వాక్యాన్ని చెప్పకుండా కొట్టివేయడం మర్యాద కాదు. నచ్చకపోతే పక్కన కారణం రాయాలి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగిలినవారు తమ మైకును ఆపివేయాలి. తరగతి గదిలో పాటించే సభ్యతే అక్కడా అవసరం.

ఇటువంటి సహకారానికి చక్కని ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. తెలుగు చేనేత కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న సోలాపూర్ జిల్లాలో పరితేవాడి అనే చిన్న గ్రామం ఉంది. 2009లో రంజిత్‌సింహ్ దిసాలే అనే యువ ఉపాధ్యాయుడు అక్కడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలకు వచ్చారు. అప్పటికి ఆ బడి శిథిలమైన భవనంలో, పశువుల కొట్టం పక్కన ఉండేది. బాలికల హాజరు చాలా తక్కువ. పాఠ్యపుస్తకాల భాష కూడా అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష కాదు. వారి ఇంటి భాష కన్నడం.

దిసాలే మొదట చేసిన పని కంప్యూటర్ కొనడం కాదు, కన్నడం నేర్చుకోవడం. తరువాత ప్రాథమిక తరగతుల పుస్తకాలను పిల్లల మాతృభాషలోకి మార్చారు. ప్రతి పాఠానికి క్యూఆర్ కోడ్ అనే నలుపు తెలుపు గళ్ల చతురస్రాన్ని జోడించారు. ఈ కోడ్‌ను 1994లో జపాన్‌లో కనిపెట్టారు. మొదట కర్మాగారాలలో మోటారు వాహనాల విడిభాగాలను గుర్తించడానికి వాడేవారు. దిసాలే దానిని బడిలోకి తెచ్చారు. ఫోనును ఆ గళ్లకు ఎదురుగా పట్టుకుంటే పద్యం వినిపిస్తుంది. పాఠం దృశ్యంగా కనిపిస్తుంది. బడికి రాలేని రోజున కూడా పిల్లలు ఇంటివద్ద పాఠం వినగలిగారు. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం అన్ని తరగతుల పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్‌లను ప్రవేశపెడుతున్నట్లు ప్రకటించింది.

అటుపిమ్మట ఆయన దృష్టి ప్రపంచంవైపు మళ్లింది. 'సరిహద్దులు దాటుదాం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం నిర్వహించారు. భారత్ - పాకిస్తాన్, ఇజ్రాయెల్ - పాలస్తీనా వంటి, వైరం ఉన్న ప్రాంతాల విద్యార్థులను ఇంటర్నెట్ ద్వారా జతలుగా కలిపారు. ఒక్కొక్క జత ఆరు వారాలపాటు మాట్లాడుకునేది. తమ మధ్య ఉన్న పోలికలను వారు స్వయంగా తెలుసుకునేవారు.

2020 సంవత్సరపు ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారం దిసాలేకు లభించింది. బహుమతి మొత్తం పది లక్షల డాలర్లు. కరోనా కారణంగా డిసెంబరు 3న లండన్ నుండి ఇంటర్నెట్ ద్వారానే ఆ ప్రకటన జరిగింది. అప్పుడు ఆయన ఎవరూ ఊహించని మాట చెప్పారు. తన బహుమతిలో సగం తుది జాబితాలోని మిగిలిన తొమ్మిదిమంది ఉపాధ్యాయులకు పంచుతానన్నారు.

ఆ తొమ్మిదిమందిలో కొందరి కృషిని గమనిస్తే ఆయన ఎందుకలా చేశారో బోధపడుతుంది. వియత్నాంకు చెందిన హా ఆన్ ఫువాంగ్ 'మువాంగ్' అనే అల్పసంఖ్యాక జాతి మహిళ. ఆమె తన గ్రామీణ విద్యార్థులను ఇతర దేశాల తరగతులతో కలిపి ఆంగ్లం నేర్పారు. మలేసియాకు చెందిన శామ్యూల్ ఐసయ్య అక్కడి ఆదివాసుల పిల్లలకు చదువు చెప్పారు. బ్రెజిల్‌కు చెందిన డొవాని బెర్టాన్ చెవిటి పిల్లలకు సంజ్ఞాభాషలో బోధించారు. ప్రతి ఒక్కరూ ముందుగా తమ ముందున్న పిల్లలెవరో, వారి అవసరమేమిటో తెలుసుకున్నారు. ఆ తరువాతనే ప్రపంచంతో పంచుకోదగినది వారి చేతికి వచ్చింది.

యంత్రం అన్ని కష్టాలనూ తీర్చదు. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువుకు అంతరాయం కలిగింది. ఫోను ఉన్నవారు తెరమీద పాఠం విన్నారు. ఫోను లేనివారు, సిగ్నల్ అందని ఊళ్లవారు వెనుకబడ్డారు. ఒకే ఫోను ఉన్న ఇంట్లో అన్నకు పాఠం దొరికితే చెల్లెలికి దొరకలేదు. అందువల్ల తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం, ఉన్నవాడు లేనివాడితో పంచుకోవడం నేటికీ అవసరమే.

తెలుగువారు కూడా ఈ సహకార మార్గంలో నడుస్తున్నారు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. వాటిని రాసినవారిలో చాలామంది ఒకరినొకరు ప్రత్యక్షంగా చూడనివారే. ఒకరు రాసినదానిని మరొకరు దిద్దుతారు. ఇంకొకరు ఫోటో చేరుస్తారు.

సరిహద్దు ఊళ్లలో చదివే తెలుగు విద్యార్థి తన భాష చిన్నదని గాని, తన ఊరు మారుమూలదని గాని అనుకోనక్కరలేదు. నీ ఊరి జొన్నచేనును గురించి, పత్తి సంతను గురించి, ఒకే వస్తువుకు తెలుగులో, మరాఠీలో ఉన్న రెండు పేర్లను గురించి నీకంటే బాగా చెప్పగలవారు ఎవరు? ఇచ్చేందుకు ఏదో ఒకటి ఉన్నవాడికే పుచ్చుకోవడంలో గౌరవం ఉంటుంది. నీ భాషను బాగా నేర్చుకో. పొరుగువాడి భాషను ప్రేమతో నేర్చుకో. అప్పుడు తరగతి గది గోడలు వాటంతటవే దూరం జరుగుతాయి.

పదాలు - అర్థాలు

ఎల్ల = హద్దు, పొలిమేర
కార్యశాల = కలిసి పనిచేస్తూ నేర్చుకునే సమావేశం
శిథిలమైన = పాడుబడిన
వైరం = శత్రుత్వం
సంజ్ఞాభాష = చేతి సైగలతో మాట్లాడే భాష
అల్పసంఖ్యాక = తక్కువ సంఖ్యలో ఉన్న

స్వాధ్యాయం

1. ఒక్కొక్క వాక్యంలో జవాబులు రాయండి.
అ) వరల్డ్ వైడ్ వెబ్ ఏ ఉద్దేశంతో రూపొందింది?
ఆ) పరితేవాడి పిల్లల ఇంటి భాష ఏది?
ఇ) క్యూఆర్ కోడ్‌ను మొదట దేనికి వాడేవారు?

2. నాలుగైదు వాక్యాలలో జవాబులు రాయండి.
అ) 'మా ఊరి నది' పాఠం ఈజిప్టు ఉపాధ్యాయుని ప్రశ్న వల్ల ఎలా మెరుగైంది?
ఆ) దిసాలే తన బహుమతిలో సగాన్ని పంచడం సరైనదేనా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
ఇ) “ఇచ్చేందుకు ఏదో ఒకటి ఉన్నవాడికే పుచ్చుకోవడంలో గౌరవం ఉంటుంది.” ఈ వాక్యాన్ని వివరించండి.

3. సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
విద్యార్థి, వర్షాధారం, ప్రత్యక్షం, ప్రత్యేకం

4. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
తరతరాలుగా, అటుపిమ్మట, బోధపడు, పూనుకొను

ఉపక్రమం

మీ ఇంట్లో వాడే పది వస్తువుల పేర్లను తెలుగులో, మరాఠీలో రాయండి. రెండు భాషలలోనూ ఒకేలా ఉన్న పేర్లను గుర్తించండి. మీ పట్టికను పక్క బడి విద్యార్థులకు చూపి, వారు చెప్పిన కొత్త పేర్లను అందులో చేర్చండి.