కుక్కర్ విజిళ్ల మధ్య కృతజ్ఞత: రాముడి నాలుగో గుణం



ఈ వారం వీడియోలో శ్రీరాముడి 16 గుణాల గురించి చెప్పుకున్నాం కదా. అందులో ఒక గుణం దగ్గర ఇంకాసేపు ఆగుదామనుకున్నాను, టైమ్ సరిపోలేదు. అందుకే ఈ వ్యాసం.

బాలకాండ మొదటి సర్గలో వాల్మీకి మహర్షి నారదుణ్ణి ఒక ప్రశ్న అడుగుతారు. ఇన్ని మంచి గుణాలూ ఒక్కడిలోనే ఉన్న మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఎవరైనా ఉన్నాడా అని. ఆ గుణాలను వరుసగా చెప్తారు. గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మజ్ఞుడు, ఆ తర్వాత నాలుగోది కృతజ్ఞుడు. సత్యవాక్యం కూడా దీని తర్వాతే వస్తుంది.

ఈ మాటను విడదీసి చూడండి. 'కృత' అంటే చేసినది. 'జ్ఞ' అంటే తెలిసినవాడు. తన కోసం ఎవరు ఏం చేశారో తెలిసినవాడు కృతజ్ఞుడు. అంతే. మనసు ప్రశాంతంగా ఉండాలని గానీ, ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని గానీ ఆ మాటలో ఎక్కడా లేదు.

ఇది మనలాంటి వాళ్లకు చాలా పెద్ద ఊరట. ఎందుకంటే కృతజ్ఞత అనగానే మనకు గుర్తొచ్చేది తెల్లవారుజామున ఒంటరిగా కూర్చుని డైరీ రాసుకునే మనిషి. మా ఇంట్లో అలాంటి చోటు లేదు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అందులో ఏడుగురం. ఉదయం ఎనిమిదిన్నరకు కుక్కర్ విజిల్ వేస్తుంటుంది. అన్నయ్య కూతురికి ఒక సాక్సు దొరకదు. నాన్న టీవీలో వార్తల సౌండ్ పెంచుతారు. వాటర్ ట్యాంకర్ వాడు కింద హారన్ కొడుతుంటాడు. నాకు తొమ్మిదింటికి ఆఫీస్ కాల్. ఈ గోలలో మనసు ప్రశాంతమయ్యాక కృతజ్ఞత పుడుతుందని ఎదురుచూస్తే, అది రిటైర్ అయ్యాకే పుడుతుంది.

అలర్ట్ ఎప్పుడు మోగుతుంది?

నా పని సర్వర్లు చూసుకోవడం. మా దగ్గర ఒక పద్ధతి ఉంటుంది. సరిగ్గా జరిగిన పనికి ఏ చప్పుడూ ఉండదు. లక్ష రిక్వెస్టులు సజావుగా వెళ్తే అవి లాగ్ ఫైల్‌లో ఒక మూల పడుంటాయి, ఎవరూ తెరిచి చూడరు. ఏదైనా ఫెయిలైతేనే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

ఇల్లు కూడా ఇలాగే నడుస్తుంది. పప్పులో ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ మాట్లాడరు. కాస్త ఎక్కువైన రోజు అందరికీ నోరు లేస్తుంది. ఉతికిన చొక్కా అల్మారాలో ఉంటే అది చొక్కా. లేకపోతే అది సమస్య. అంటే కుటుంబంలో గోలగా వినిపించేదంతా చెడిపోయిన పనుల చప్పుడే. సరిగ్గా జరిగిన పనులు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయి, వాటికి నోరు లేదు.

అయోధ్యాకాండ మొదటి సర్గలో రాముడి స్వభావాన్ని వర్ణిస్తూ వాల్మీకి ఒక అద్భుతమైన మాట చెప్తారు. ఎవరైనా ఎలాగోలా ఒక్క ఉపకారం చేసినా రాముడు దానికే తృప్తి పడతాడట. అపకారాలు వంద చేసినా గుర్తు పెట్టుకోడట. మన బుర్రల సెట్టింగ్ దీనికి సరిగ్గా తలకిందులు. వంద మేళ్లు లాగ్‌లో పడి ఉంటాయి, ఒక్క తప్పు మాత్రం అలర్ట్ అయి రోజంతా మోగుతుంది.

కృతజ్ఞత సాధన అంటే గోల తగ్గించడం కాదు. ఆ లాగ్ తెరిచి చూడటం.

అవతలి వాళ్లకు గుర్తు లేకపోతే?

మా నాయనమ్మకు మతిమరుపు జబ్బు. రెండేళ్లుగా ముదురుతోంది. ఉదయం నుంచి ఆమె ఒకటే ప్రశ్న అడుగుతూ ఉంటుంది: "ఎవరు బాబూ నువ్వు? అన్నం తిన్నావా?" గంటలో పదిసార్లు. ఆఫీస్ కాల్‌లో ఉన్నా అడుగుతుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి నాతోపాటు లేచి, టీ పెట్టి, నేను చదువుతున్నంతసేపూ పక్కన కూర్చుని వత్తులు చేసుకునేది. అది ఆమెకు ఇప్పుడు గుర్తు లేదు. నేను థాంక్స్ చెప్పినా ఎందుకు చెప్తున్నానో ఆమెకు అర్థం కాదు.

ఇక్కడే నాకు 'కృతజ్ఞ' అన్న మాట బరువు తెలిసింది. చేసినావిడ మర్చిపోయింది. ఆ నాలుగింటి టీ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. నేను కూడా మర్చిపోతే, ఆ పని జరిగినట్టు ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆమె పేరు మర్చిపోయింది, అడగటం మర్చిపోలేదు. ఎవరో తెలియని మనిషిని కూడా అన్నం తిన్నావా అనే అడుగుతోంది.

అరణ్యకాండలో జటాయువు ఘట్టం ఒకసారి తలుచుకోండి. సీతమ్మను కాపాడబోయి రావణుడి చేతిలో రెక్కలు తెగి పడిపోతాడు. రాముడు వచ్చేసరికి కొన ఊపిరితో ఉంటాడు. జరిగింది చెప్పి ప్రాణం వదులుతాడు. ఇక ఆయనకు బదులు చేసేదేముంది? అయినా సీత కోసం వెతుకుతున్న ఆ తొందరలో రాముడు ఆగాడు. సీతను పోగొట్టుకున్న దుఃఖం కూడా తన కోసం ప్రాణమిచ్చిన ఈ పక్షి మరణమంత బాధించడం లేదన్నాడు. చితి పేర్చి దహనం చేసి, గోదావరికి వెళ్లి జలతర్పణం ఇచ్చాడు. తిరిగి పుచ్చుకునే స్థితిలో అవతలివాళ్లు లేకపోయినా కృతజ్ఞత ఆగదని ఆయన చేసి చూపించాడు.

ఒక జాగ్రత్త

కృతజ్ఞత పేరు చెప్పి ఇంట్లో ఎవరి నోరూ మూయించకూడదు. పొద్దున్నుంచి పని చేసి అలిసిపోయిన అమ్మతోనో వదినతోనో "మనకున్నదానికి సంతోషించాలి" అనడం కృతజ్ఞత కాదు, తప్పించుకోవడం. కృతజ్ఞత పుచ్చుకున్నవాడి ధర్మం. చేసినవాళ్ల మీద మోపే బరువు కాదు. సుగ్రీవుడు రాజ్యం దక్కాక, వానాకాలం వెళ్లిపోయినా ఇచ్చిన మాట మర్చిపోయి కూర్చుంటే, రాముడు ఊరుకోలేదు. లక్ష్మణుణ్ణి పంపి గట్టిగానే గుర్తు చేశాడు. కాబట్టి ఇంట్లో పని ఒకరి మీదే పడుతుంటే అడగొచ్చు, అడగాలి.

ఈ వారం సాధన

ఒకటి: రేపు ఉదయం లేచినప్పటి నుంచి గడప దాటేలోపు మీ కోసం ఎవరెవరు ఏమేం చేశారో లెక్కపెట్టండి. నీళ్లు పట్టిన వాళ్లు, చార్జర్ పెట్టిన వాళ్లు, చెత్తబుట్ట బయట పెట్టిన వాళ్లు, అందరూ.

రెండు: అందులో ఒక్కటి ఎంచుకుని ఆ మనిషితో చెప్పండి. ఊరికే థాంక్స్ అని కాదు, పని పేరు పెట్టి. "వదినా, నా బాక్స్‌లో పెరుగు విడిగా పెట్టావు, బాగుంది" అంటే చాలు.

మూడు: మాటలు రాకపోతే కంగారు పడకండి. లంక నుంచి సీతమ్మ జాడ తెచ్చిన హనుమంతుడికి తగిన బహుమతి ఏమీ ఇవ్వలేకపోతున్నానని రాముడే బాధపడ్డాడు. చివరికి గట్టిగా కౌగిలించుకుని, తన దగ్గరున్నది ఇదేనన్నాడు. యుద్ధకాండ మొదలయ్యేది ఆ కౌగిలితోనే. అమ్మ చేతిలో సంచి అందుకోవడం, నాయనమ్మ పదకొండోసారి అడిగినా "తిన్నాను నాయనమ్మా, నువ్వు తిన్నావా?" అని పక్కన కూర్చోవడం కూడా ఆ వరుసలోవే.

ఇంట్లో కుక్కర్ రేపు కూడా కూస్తుంది. కూయనివ్వండి. ఎవరో ఒకరు మన కోసం బియ్యం కడిగి పెట్టారన్నమాట.

మీ ఇంటిల్లిపాదికీ శ్రీరామరక్ష.