రిపోర్టు నార్మల్ అయితే బాధ లేనట్టేనా?



"ఎండోస్కోపీకి సాయం చేశాం, రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అంటే ఆ మనిషికి జబ్బు లేనట్టేనా?" అని కొందరు దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ చిన్న పాఠం.

అన్నవాహికకు, జీర్ణాశయానికి మధ్య కవాటంలాంటి కండరం ఉంటుంది. అది వదులైతే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తాయి. ఇదే యాసిడ్ రిఫ్లక్స్. ఈ బాధ ఉన్నవారిలో సగానికి పైగా మందికి మామూలు ఎండోస్కోపీలో పుండ్లేవీ కనిపించవు.

అలాంటప్పుడు కొందరు వైద్యులు రంగుల సాయం తీసుకుంటారు. బడిలో మేము బంగాళాదుంప ముక్కపై అయోడిన్ చుక్క వేసి చూపిస్తాం. పిండిపదార్థం వల్ల అది నీలి నలుపుగా మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక లోపలి పొరలో పిండిపదార్థం లాంటిదే గ్లైకోజన్ ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు లుగోల్ 1829లో రూపొందించిన అయోడిన్ ద్రావణాన్ని ఎండోస్కోపు గుండా చల్లితే ఆ పొర ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆమ్లం వల్ల దెబ్బతిని గ్లైకోజన్ తగ్గిన చోట రంగు సరిగా పట్టదు. మామూలుగా కంటికి ఆనని మార్పు అలా బయటపడుతుంది.

ఏళ్ల తరబడి ఆమ్లం తగిలితే కొందరిలో ఆ పొర పేగు పొరలా మారుతుంది. దీన్ని బారెట్ అన్నవాహిక అంటారు. కొద్దిమందిలో ఇది క్యాన్సర్‌కు దారితీస్తుంది. మెథిలిన్ బ్లూ అనే రంగును అలా మారిన కణాలు పీల్చుకుని నీలంగా కనిపిస్తాయి.

అయితే రంగు సూచన మాత్రమే, తీర్పు కాదు. అయోడిన్ పట్టని చోట తొలిదశ క్యాన్సర్ కూడా ఉండవచ్చు. అందుకే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అయోడిన్ పడనివారు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. రంగు పరీక్ష అందరికీ అవసరం లేదు. కొందరికి 24 గంటల ఆమ్ల పరీక్ష చేస్తారు. ఏది కావాలో వైద్యులే నిర్ణయించాలి.

రంజాన్‌లో ఇఫ్తార్ వేళ అతిగా తినడం, సహరీ కాగానే పడుకోవడం ఈ మంటను పెంచుతాయి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయకూడదు.

కనుక మొదటి రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన పేదరోగి చెప్పే బాధను అబద్ధం అనుకోవద్దు. డాక్టరు తర్వాతి పరీక్ష రాస్తే దానికీ చేయూతనివ్వండి.