ఎలక్ట్రిక్ గిటార్ నాదంలో కర్రకూ పూతకూ గల పాలెంత?

వీణకు పనసకర్ర, సితారుకు సొరబుర్ర ఎంత ముఖ్యమో మనకు తెలిసినదే. బొబ్బిలి పనివారు ఒకే పనసదుంగను తొలిచి వీణ చేయడం ప్రసిద్ధం. సన్నని తీగ తనంతట తాను గాలిని తగినంత కదిలించలేదు. దాని కంపనం గుర్రం మీదుగా తొలిచిన కర్రకు చేరి, ఆ కర్ర గాలిని కదిలించినప్పుడే నాదం సభంతా వినవస్తుంది. కనుక అట్టి వాద్యాలలో కర్ర గుణమే నాదగుణమనడం చాలవరకు న్యాయమే.

ఇదే అభిప్రాయాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌కు కూడా వర్తింపజేయడం పరిపాటి అయినది. మహాగని గంభీరమైన నాదమిస్తుందనీ, మేపుల్ స్ఫుటమైన నాదమిస్తుందనీ, పలుచని లక్కపూత కర్రను ‘శ్వాసించ’నిస్తుందనీ, మందమైన పాలియెస్టర్ పూత దాని గొంతు నొక్కుతుందనీ వాదకులు, వర్తకులు చెబుతుంటారు. ధర కూడా ఆ మాటలననుసరించే పెరుగుతుంది. ఇందులో సత్యమెంతో పరిశీలిద్దాం.

నాదం పుట్టే విధానం

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల క్రింద ‘పికప్’ అనే సాధనం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక కన్న సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టి దీనిని చేస్తారు. పైనున్న ఉక్కుతీగ కదలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తే యాంప్లిఫయర్‌లో పెంపొంది స్పీకరు ద్వారా నాదమవుతుంది. ఉక్కుతీగకు బదులు నైలాన్ తీగ బిగిస్తే ఎంత గట్టిగా మీటినా పికప్ మౌనంగానే ఉంటుంది. చుట్లు వదులుగా ఉంటే దేహపు అదురు కొంత కలిసే మాట నిజమే. అందుకే తయారీదారులు పికప్‌ను మైనంలో ముంచుతారు.

కాబట్టి మన ప్రశ్నను ఇలా సవరించుకోవాలి: కర్ర ఎలా మ్రోగుతున్నదని కాదు, పికప్ మీద తీగ కదలికను కర్ర ఎంతవరకు మార్చగలదని.

చరిత్ర చెప్పే సాక్ష్యం

అమెరికాలో జార్జ్ బోషాంప్ 1931లో రూపొందించిన తొలి నమూనాలలో ఒకటి పోత అల్యూమినియంతో చేయబడినది. దాని ఆకారాన్ని బట్టి ‘పెనం’ అని దానికి పేరు వచ్చింది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ ఒక పైన్ దూలానికి తీగలు, పికప్ బిగించి ‘దుంగ’ అనే వాద్యం చేశాడు. దుంగగా వాయించినప్పుడు శ్రోతలు ఆదరించలేదనీ, మామూలు గిటార్ దేహాన్ని రెండుగా కోసి ప్రక్కలకు తగిలించాక మెచ్చుకున్నారనీ ఆయన చెప్పుకొనేవాడు. కన్ను చెవికి ఎలా దారి చూపుతుందో దీనివలన గ్రహించవచ్చును. 1963లో బ్రయన్ మే తండ్రితో కలిసి ఆరంభించిన గిటార్ మెడకు పాత నిప్పుగూటి చట్రపు కర్రను వాడాడు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పారదర్శకమైన ప్లాస్టిక్ దేహంతోనే గిటార్‌ను రూపొందించాడు. ఇవన్నీ ఎలక్ట్రిక్ గిటార్లుగానే పలికినవి.

అయితే కర్రకు పాత్రే లేదా?

ఉన్నది. తీగ రెండు కొనలూ దృఢంగా నిలిస్తే దాని శక్తి తీగలోనే ఉండి నాదం చాలాసేపు నిలుస్తుంది. ఒక కొన ఏ స్వరం వద్దనైనా సులువుగా కంపిస్తే శక్తి అటు ప్రవహించి ఆ స్వరం త్వరగా అణగిపోతుంది. ఇట్టి చోట్లను ‘మృతస్థానాలు’ అనవచ్చును. జర్మనీలో ఫ్లైషర్, ట్స్వికర్ అనేవారు గిటార్ కంపనాలను కొలిచి 1998లో ఫలితాలు ప్రకటించారు. ఇందులో దేహం కన్న మెడ పాత్ర ప్రధానమని తేలింది. అయితే ఇది మెడ బిగువు, బరువు, ఆకారం మీద ఆధారపడే విషయం. చెట్టు పేరు మీద కాదు. ఒకే జాతి చెట్ల నుండి కోసిన రెండు పలకలు కూడా సాంద్రతలో ఒకటిగా ఉండవు.

పికప్ స్థానంతో పోల్చితే ఈ ప్రభావం స్వల్పం. తీగ పొడవులో నాలుగవ వంతు వద్ద నాలుగవ అనుస్వరానికి కదలిక ఉండదు. అక్కడి పికప్‌కు ఆ అనుస్వరం దాదాపు వినబడదు. కొన దగ్గరి పికప్‌కు అది బాగా వినబడుతుంది. ఒకే గిటార్‌పై మీట మార్చినంతనే నాదం మారడానికి కారణమిదే.

ఇక పూత. మామూలు గిటార్ పైపలక సుమారు మూడు మిల్లీమీటర్ల మందమే కనుక మందపు పూత దాని కంపనాన్ని నిజంగానే అణచగలదు. ఈ నమ్మకం అక్కడ పుట్టి ఇక్కడికి వచ్చినదని మా అభిప్రాయం. మూడు, నాలుగు కిలోల ఘనమైన దిమ్మపై మిల్లీమీటరుకన్న పలుచని పొర తీగ కదలికను మార్చడం ఎట్లు? పూత తేమనుండి కాపాడుతుంది, చేతికి నునుపునిస్తుంది, కంటికి ఇంపు చేస్తుంది. ఆ మేరకు దానికి విలువ ఉన్నది.

విద్యార్థి గ్రహించవలసినది

ఇది కేవలం వినోదపు చర్చ కాదు. అంతర్జాతీయ ఒప్పందం క్రింద 2017లో రోజ్‌వుడ్ జాతులన్నింటి వర్తకంపై నియంత్రణ వచ్చింది. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించినా, కలపపై నియంత్రణ తొలగలేదు. అంటే కర్ర పేరుపై మోజుకు అడవి కూడా మూల్యం చెల్లిస్తున్నది. స్వల్ప ధనంతో వాద్యం కొనే విద్యార్థి చెల్లించే మూల్యం సరేసరి.

కొనేవారు ప్రతి తీగపై ప్రతి మెట్టునూ మీటి, నాదం ఎక్కడ అణగుతున్నదో చూడాలి. మెడ చేతికి ఒదుగుతున్నదా, శ్రుతి నిలుస్తున్నదా పరీక్షించాలి. మిగిలిన సొమ్మును మంచి తీగలకు, పికప్‌కు, యాంప్లిఫయర్‌కు వినియోగించాలి. రెండు గిటార్లను పోల్చేటప్పుడు తీగలు, పికప్ ఎత్తు, వాయించే చేయి ఒకటిగా ఉంచి, వినేవారికి వాద్యం కనబడకుండా తెర కట్టాలి. ఒక్కటి మార్చి, తక్కినవన్నీ స్థిరంగా ఉంచి చూడడమే ప్రయోగశాలలో మనం నేర్చే మొదటి పాఠం. దానిని అంగడిలో కూడా మరువకపోతే మన చదువు సార్థకమైనట్లే.