ప్యానెళ్లు పాతికేళ్లు, కమిటీ రెండేళ్లు

పాశమైలారం పారిశ్రామికవాడలో కరెంటు పని చేస్తూనే నా జీవితం గడిచింది. ఇప్పుడు చుట్టుపక్కల కాలనీల పిల్లలు తమ కమ్యూనిటీ హాలు మీద సోలార్ పెట్టించాలని సలహా అడగడానికి వస్తున్నారు. మంచి ఆలోచన, తప్పకుండా పెట్టించండి. కానీ ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ డిపార్టుమెంటు ఉంటుంది, హాలుకు ఉండదు. నేను చెప్పేదంతా ఆ తేడా గురించే.

1. ముందు బిల్లులు తీయండి.
ఏజెంటు చెప్పిన కిలోవాట్లకు తల ఊపకండి. గడచిన ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని కూర్చోండి. మామూలు హాలులో ఎనిమిది ఫ్యాన్లు, పది ట్యూబులైట్లు ఉంటాయనుకుందాం. ఫ్యాను 75 వాట్లు, ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లు. అన్నీ కలిపి 800 వాట్లు. సాయంత్రం ఐదు గంటలు వేస్తే 4 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. మైకు, బోరు మోటారు కలుపుకున్నా రెండు కిలోవాట్లు చాలు. అందుకు 200 చదరపు అడుగుల చోటు సరిపోతుంది. ఎప్పుడో జరిగే పెళ్లి లోడు చూసుకుని పది కిలోవాట్లు పెట్టించడం డబ్బు దండగ.

2. హాలు నిండేది పొద్దుగూకాకే.
షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చాకే క్యారమ్ బోర్డు మీద పౌడర్ పడుతుంది. బిహార్, ఒడిశా కుర్రాళ్లూ మన పిల్లలూ ఒకే బోర్డు చుట్టూ కూర్చునే చోటు ఇక్కడ అదొక్కటే, అందుకే ఆ హాలంటే నాకు అంత ఇష్టం. ప్యానెళ్లు పనిచేసేది మాత్రం పగలు. కాబట్టి నెట్ మీటరు కావాలి. పగటి కరెంటు లైనులోకి వెళ్తుంది, రాత్రి మనం వాడుకుంటాం, మీటరు రెండూ లెక్కగడుతుంది. అయితే ఒక సంగతి మీటింగులో అందరికీ ముందే చెప్పండి: లైను పోతే ఎర్రటి ఎండలో కూడా ఈ సోలార్ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన కరెంటు తగలకూడదనే ఆ ఏర్పాటు. ఇది చెప్పకపోతే మొదటి కరెంటు కోతకే కమిటీ మీద అనుమానాలు మొదలవుతాయి.

3. నీడ లెక్క డిసెంబరుకు వేయండి.
ఏప్రిల్లో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి స్లాబంతా ఎండగానే కనిపిస్తుంది. డిసెంబరు వచ్చేసరికి దక్షిణానికి వాలుతాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా ఆరడుగుల ట్యాంకు నీడ ఉత్తరం వైపు ఐదడుగులకు పైగా పడుతుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడినా మొత్తం వరుస దిగుబడి దెబ్బతింటుంది. అందుకని ట్యాంకుకు దక్షిణాన, దక్షిణ ముఖంగా, పదిహేను పదిహేడు డిగ్రీల వాలుతో బిగించమనండి. పిట్టగోడ ఎత్తు కూడా చూసుకోండి.

4. స్లాబుకు రంధ్రం కొడితే వానాకాలంలో తెలుస్తుంది.
కాంక్రీటు దిమ్మెల మీద ఫ్రేము నిలబెట్టించండి. గాలికి లేవకుండా బరువు లెక్క కట్టించండి.

5. అసలు శత్రువు దుమ్ము.
మన ఊరి సంగతి తెలిసిందే. ముంబయి హైవే లారీల దుమ్ము, బాయిలర్ల బూడిద, వాటి మీద పొద్దుటి మంచు. మూడూ కలిసి ప్యానెలు అద్దం మీద సన్నని పొరలా గట్టిపడతాయి. వేలితో గీస్తే గీత కనిపిస్తుంది, కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. తెల్లవారుజామునే, అద్దం వేడెక్కకముందే కడగాలి. బోరు నీళ్లు ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి కాబట్టి మంజీరా నీళ్లు వాడి, మెత్తని వైపరుతో తుడవండి. మరి నిచ్చెన ఎక్కేదెవరు? నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో ఇళ్ల మీదా, ప్రభుత్వ భవనాల మీదా సోలార్ పెట్టారు. ఆ రెండింటికీ తేడా ఇక్కడే. ఇంటి మీద ప్యానెలు మురికిపడితే ఇంటాయన బిల్లులో పట్టుకుంటాడు. పదిమంది వాడుకునే భవనానికి అలా బిల్లు చూసి ఉలిక్కిపడే మనిషి ఉండడు. అందుకే మన హాలుకు కూలి ఇచ్చి కడిగించడమే మంచిది. ఆ కూలి ముందే ఖర్చులో రాయండి.

6. డబ్బు రెండు చోట్ల పోతుంది.
ఒకటి సబ్సిడీ. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో నివాసుల సంక్షేమ సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. సంఘం రిజిస్టరై ఉండాలి, మీటరు సంఘం పేరున ఉండాలి, దేశంలో తయారైన ప్యానెళ్లే వాడాలి. ముందు పని చేయించి తర్వాత కాగితాలు చూసుకుందామంటే కుదరదు. రెండోది ఇన్వర్టరు. ప్యానెళ్లకు 25 ఏళ్ల పనితీరు వారంటీ ఇస్తారు కానీ ఇన్వర్టరు అంతకాలం రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. మిగిలిన బిల్లు డబ్బులో కొంత నెలనెలా దానికని బ్యాంకులో వేయండి. ఆ డబ్బును వినాయక చవితి మండపానికి వాడకండి.

7. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్లో కరెంటు ఉంటుంది.
మెయిను ఆపినా ఉంటుంది. ప్యానెళ్ల లైను తెంపే స్విచ్చు, అంటే ఐసొలేటరు, ఎక్కడుందో తెలుగులో, హిందీలో రాసి గోడకు అంటించండి. ఎర్తింగు ఏటా చూపించండి. పిల్లలు పైకెక్కకుండా మెట్ల తలుపుకు తాళం వేయండి.

కమిటీలు మారుతూనే ఉంటాయి. కాబట్టి తీర్మానంలో మనుషుల పేర్లు కాకుండా పదవులు రాయండి: కడిగించే బాధ్యత ఏ పదవిది, ప్రతి ఒకటో తారీఖున మీటరు అంకె పుస్తకంలో ఎక్కించాల్సింది ఎవరు, వారంటీ కాగితాలు ఎవరి బీరువాలో ఉండాలి. ఈ మూడూ రాసేదాకా అడ్వాన్సు చెక్కు మీద సంతకం పెట్టకండి.