గాయపడ్డ రాబందును ఇంట్లో సాకవచ్చా?

ప్రశ్న: గాయపడిన రాబందును ఇంట్లోనే సాకి, జత కలిపి సంతతి పెంచితే తప్పేమిటి?

జవాబు: మీ జాలి గొప్పదే, కానీ ఇల్లు దానికి తగిన చోటు కాదు. రాబందు సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, కాబట్టి ఒక్క పొరపాటైనా ఖరీదైనదే. ప్రభుత్వ కేంద్రాలూ బంధించే పెంచుతున్నాయి కదా అంటారేమో. అక్కడ రోగాలు, వంశక్రమం చూసే నిపుణులుంటారు. ఉదాహరణకు, 1982లో 22కు పడిపోయిన కాలిఫోర్నియా కాండోర్ల (అమెరికా రాబందుల) పిల్లలకు, మనిషికి మచ్చిక కాకుండా, తల్లి తలను పోలిన చేతిబొమ్మతో మేత పెట్టారు. ఇంట్లో అది సాధ్యమా? పైగా అనుమతి లేకుండా ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అటవీశాఖకు కబురు చేసి, వారు వచ్చేదాకా పక్షిని గాలాడే పెద్ద అట్టపెట్టెలో, చీకటిగా, సద్దు లేకుండా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. సంతతి పెరగాలంటే, పశువుల కళేబరాల ద్వారా రాబందులను దాదాపు తుడిచిపెట్టిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందును మీ ఊరి పశువులకు వాడకుండా చూడండి. అసలైన రక్షణ అదే.